కొత్త తారు మీద కుర్చీ

రోడ్ల పనిలో కొత్తగా చేరినవాళ్ళు నన్ను చూడగానే అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "తారు ఎన్ని గంటల్లో ఆరుతుందండీ?"

"అసలు ఆరదు" అంటాను. పెద్దాయనకి చెవుడేమో అనుకుని ఇంకాస్త గట్టిగా అడుగుతారు. నేనూ ఇంకాస్త గట్టిగా అదే జవాబు చెబుతాను. రిటైరైనవాడికి మిగిలిన కొద్దిపాటి సరదాల్లో ఇదొకటి.

సరదా తీరాక అసలు సంగతి చెబుతాను. ఆరడానికి అందులో నీళ్ళుంటేగా? కంకరనీ తారునీ బాగా కాగబెట్టి కలిపి, పొగలు కక్కుతుండగా పరిచి, వేడి మీదే రోలరుతో తొక్కిస్తాం. ఆ తర్వాత అది చల్లారాలి. చల్లారితే బిగుస్తుంది. అక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటే. పైకి గట్టిగా కనిపిస్తున్నా లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. తారులోని నూనె గుణం ఎండకీ గాలికీ మెల్లగా పోతూ, ఏడాది తిరిగేసరికి ఆ నల్లటి నిగనిగ తగ్గి బూడిదరంగులోకి వస్తుంది. అప్పుడు గానీ దాన్ని నేను రోడ్డు అనను.

ఈ నాలుగు ముక్కలూ పుస్తకాల్లో ఇంతకంటే బాగానే ఉంటాయి. పుస్తకాల్లో లేనివి, కువైట్ ఎండలో పదేళ్ళకి పైగా వేగి నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. నాకొచ్చిన ప్రమోషన్ల గురించి రాయను. రాయాల్సినన్ని రాలేదు కూడా. ఒక డిమోషన్ మాత్రం వచ్చింది. దాని గురించి వివరంగా రాస్తాను.

రెండు ట్యాంకర్ల నీళ్ళు

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. డెబ్భైల చివర్లో కువైట్ వెళ్ళేముందు నేను ఇళ్ళకి శ్లాబులు పోసే మేస్త్రీ దగ్గర పనిచేశాను. మా వైపు శ్లాబు పోసిన మర్నాడు దాని మీద ఇసకతో చిన్న చిన్న మడులు కట్టి, వాటినిండా నీళ్ళు నిలబెడతారు. వారం పదిరోజులు ఆ నీళ్ళు ఇంకిపోకుండా చూసుకోవడమే ఒక ఉద్యోగం. ఆ ఉద్యోగంలో నాకు మంచి పేరుండేది.

కువైట్లో నన్ను తారు రోడ్లు వేసే కంపెనీలో పడేశారు. మొదటివారమే ఒక చోట ప్రైమ్ కోటు వేశారు. అంటే, చదును చేసిన కంకర నేల మీద పైపొర వేసేముందు, కిరసనాయిలు కలిపిన పల్చటి తారు చిమ్ముతారు. ఆ కిరసనాయిలు గాలికి పోయి, తారు నేలలోకి దిగేదాకా, ఒకటి రెండు రోజులు దాని జోలికి ఎవరూ పోకూడదు. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. సాయంత్రం అందరూ వెళ్ళిపోతుంటే నాకు ప్రాణం ఒప్పలేదు. ఇంత ఎండలో కొత్త పనిని నీళ్ళు పెట్టకుండా వదిలేస్తారా, ఇదేం దేశం అనుకున్నాను. నీళ్ళ ట్యాంకరు డ్రైవర్ని బతిమాలి, రెండు ట్యాంకర్లు దాని మీద వదిలించాను.

మర్నాడు పొద్దున్నకి అది పెనం మీద అట్టులాగా అంచులు పైకి లేచి ఉంది.

మా ఫోర్‌మన్ పెషావర్ నుంచి వచ్చిన పఠాను. పేరు గుల్‌ఖాన్. అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. గోరింటాకు పెట్టిన ఎర్రటి గడ్డం, నా తొడంత చెయ్యి. "ఎవరు చేశారిది?" అని హిందీలో అడిగాడు. నేను గర్వంగా చెయ్యెత్తాను. "నేనే ఉస్తాద్. రెండు ట్యాంకర్లు."

ఆయన కాసేపు ఆకాశంలోకి చూశాడు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, "సూరీ, సిమెంటుకి నీళ్ళు కావాలి. తారుకి నీళ్ళు గిట్టవు. దీనికి కావాల్సింది ఒక్కటే, దాని మానాన దాన్ని వదిలెయ్యడం. మీ ఊళ్ళో ఆ పని ఎవరికీ రాదా?" అన్నాడు. ఆ తర్వాత నా చేతికి పార ఇచ్చాడు. రెండు రోజులు ఒక్కణ్ణే ఆ పొరంతా గోకాను. ఆ రెండు రోజుల్లో నేర్చుకున్నంత నేను ఇంకెప్పుడూ నేర్చుకోలేదు.

ఉస్తాద్ కుర్చీ

రోడ్డు ఎప్పుడు బండ్లకి వదలాలో చూడ్డానికి ఇంజనీర్ల దగ్గర పొడుగు ఊచకి బిగించిన థర్మామీటరు ఉండేది. ఉస్తాద్ దగ్గర కుర్చీ ఉండేది. సన్నటి ఇనుపకాళ్ళ మడత కుర్చీ. ఎప్పుడూ పికప్ బండి వెనక తాడుతో కట్టి ఉండేది.

తారు వేసి, తొక్కించి, కొన్ని గంటలయ్యాక ఆయన ఆ కుర్చీని రోడ్డు మధ్యలో వేసుకుని కూర్చునేవాడు. ఫ్లాస్కులోంచి ఇస్తికానాలోకి టీ పోసుకునేవాడు. ఇస్తికానా అంటే నడుము సన్నగా ఉండే చిన్న గాజు గ్లాసు, అక్కడ టీ అందులోనే తాగుతారు. ఆ టీని ఎంతో తీరిగ్గా, చివరి బొట్టుదాకా తాగేవాడు. ఆ తర్వాత లేచి, వంగి, కుర్చీకాళ్ళ కింద చూసేవాడు. కాళ్ళ గుర్తు పడితే రోడ్డు వదలడు. కంపెనీ ముదీర్, అంటే మేనేజరు, వచ్చి అరిచినా వదలడు. "టీ సగంలో ఉండగా జవాబు చెప్పకూడదు" అనేవాడు. ఇది ఆయన పెట్టుకున్న ఏకైక రూలు.

జనవరిలో ఉత్తరపు గాలి వీస్తుంటే తారు చూస్తుండగానే చల్లారిపోతుంది. తారు పరిచే పేవర్ బండి వెనకే రోలరు పరిగెత్తాలి. లేకపోతే రాయిని తొక్కినట్టే. ఎండాకాలం దీనికి సరిగ్గా తలకిందులు. పొద్దున్న వేసిన తారు మధ్యాహ్నానికి ఇంకా మెత్తగానే ఉంటుంది, ఎందుకంటే పైన సూర్యుడున్నాడు. అన్నం గిన్నెని పొయ్యి మీదే ఉంచి చల్లారమన్నట్టు. ఈ తేడా తెలియనివాడు ఏ దేశంలో చదివొచ్చినా నాకొకటే.

ఉస్తాద్ తన ఊరు వెళ్ళిపోయేటప్పుడు ఆ కుర్చీ నాకిచ్చాడు. ఆయన ఫోర్‌మన్ పోస్టు కూడా నాకే వచ్చింది గానీ, నాకు ఎక్కువ గర్వంగా అనిపించింది కుర్చీయే.

ఆ కుర్చీ కూడా అన్నిటికీ సరిపోదని ఒకసారి షువైఖ్‌లో తెలిసింది. అక్కడ ఒక గ్యారేజీ ఆవరణలో తారు వేశాం. నేను కూర్చుని టీ తాగాను, గుర్తు పడలేదు, వాడుకోండి అన్నాను. మర్నాడు మధ్యాహ్నం మెకానిక్కులు లోడు లారీ కింద జాకీ పెట్టి తిప్పారు. లారీ లేవలేదు. మళ్ళీ తిప్పారు. లారీ ఎక్కడున్నది అక్కడే ఉంది, జాకీ మాత్రం మెల్లగా భూమిలోకి దిగుతోంది. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. వాళ్ళు నా వంక చూస్తే నేను లారీ నంబరు ప్లేటు వంక చూశాను. మనిషి బరువుకి ఒప్పుకున్న కొత్త తారు జాకీకి ఒప్పుకోదు. జాకీ కింద చెక్క పలక వెయ్యమని ముందే చెప్పాల్సింది. ఆ రోజు నుంచి చెబుతూ వచ్చాను.

నిమ్మకాయలు

ఇక ఈ కథలో ముఖ్యమైన మనుషులు ఇద్దరు.

ఒకరు మా ఇంజనీరు నబీల్. లెబనాన్ కొండల్లోంచి వచ్చినవాడు. మంచివాడు, పని తెలిసినవాడు, అబద్ధం ఆడడు. కానీ ఎదుటివాడు పెద్దమనిషైతే కాదు అనలేడు. ఈ జబ్బున్న ఇంజనీర్లని తర్వాత కూడా చాలామందిని చూశాను. రోడ్డు రేపటికి అవుతుందా అని అడిగినవాడి కారు ఎంత పెద్దదైతే జవాబు అంత తొందరగా వచ్చేస్తుంది. నా కుర్చీని చూస్తే ఆయనకి నవ్వు. ఆయన థర్మామీటరు చూస్తే నాకూ నవ్వే గానీ, నేను లోపల నవ్వుకునేవాణ్ణి.

రెండోవాడు ఓబులేసు. రాయచోటి వైపువాడు. ఇంటి డ్రైవరు పని అని చెప్పి తీసుకొచ్చి, అతని కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, అతన్ని ఎడారిలో గొర్రెల దగ్గర వదిలేశాడు. రెండేళ్ళు ఒక రేకుల గుడిసె, ఒక నీళ్ళ డ్రమ్ము, గొర్రెల మంద. నెలకొకసారి మనిషి ముఖం.

"రెండేండ్లు వాటితోనే మాట్లాడినా అన్నా" అని ఒకసారి చెప్పాడు. "అవి ఒగటే మాట అంటాయి. కడాకు నేనూ అదే అంటాంటిని."

నవ్వుతూనే చెప్పాడు. నేనూ నవ్వాను. కానీ ఆ రోజు నేను అతని ముఖం సరిగ్గా చూసి ఉంటే, తర్వాత చేసిన పని చేసి ఉండేవాణ్ణి కాదేమో.

ఎలాగో ఆ కఫీల్ కనికరించి వదలడానికి ఒప్పుకున్నాడు. ఊళ్ళో ట్రాక్టరు తోలిన చెయ్యి కాబట్టి మా కంపెనీ రోలరు మీదికి తీసుకుంది, మూడు నెలలు పని చూస్తామని. ఆ మూడు నెలలూ గడిచాక నబీల్ ఒక కాగితం మీద సంతకం పెడితే ఇఖామా, అంటే అక్కడ ఉండడానికిచ్చే పర్మిట్టు, కంపెనీ పేరున మారుతుంది. పెట్టకపోతే మళ్ళీ అదే కఫీల్, అవే గొర్రెలు. ఓబులేసు నాతోపాటు జహ్రా అనే ఊళ్ళో ఒకే గదిలో ఉండేవాడు. ఆ కాగితం తప్ప అతనికి ఇంకో ఆలోచన ఉండేది కాదు.

మూడో నెలలో కంపెనీకి కొత్త రోలరు వచ్చింది. మనవాళ్ళ సంగతి తెలుసు కదా, కొత్త బండి ఏదైనా సరే నిమ్మకాయలు తొక్కించకుండా కదపం. ఓబులేసు జహ్రా సూక్‌లో, అంటే బజార్లో, నాలుగు నిమ్మకాయలు కొనుక్కొచ్చాడు. ముందు చక్రానికి కుంకుమ పెట్టాడు, తన నుదుటనా పెట్టుకున్నాడు, చక్రం కింద వరసగా నాలుగు కాయలూ పెట్టాడు. నేను పక్కన నిలబడి దండం కూడా పెట్టాను. మా ఇద్దరికీ తట్టని సంగతి ఒక్కటే. ఊళ్ళో అయితే కింద ఉండేది మట్టి. ఇక్కడ ట్రెయిలరు దింపింది ఆ పొద్దున్న వేసిన తారు మీద. రోలరు ముందుకి వెళ్ళేసరికి నాలుగు కాయలూ చితికి తారులో కూరుకుపోయి, నల్లచొక్కాకి పసుపు గుండీలు కుట్టినట్టు నిలిచాయి.

సరిగ్గా అప్పుడే నబీల్ వచ్చాడు. "ఏమిటివి?"

ఇక్కడ నేను నోరు మూసుకోవాల్సింది. మూసుకోలేదు. "కొత్త టెస్టు సార్" అన్నాను. "రసం మొత్తం బయటికొస్తే తారు వేడి సరిపోయినట్టు లెక్క. ఇండియాలో అందరూ చేస్తారు."

ఆయన అర నిమిషం నిజంగానే ఆలోచించాడు. జేబులోంచి పుస్తకం కూడా తీశాడు. అంతలో ఓబులేసు నుదుటి కుంకుమా, చక్రం మీది కుంకుమా చూశాడు. ఆయన ముఖం మారిపోయింది.

"ఈ మనిషి నడిపే రోలరు కింద ఇంకొక్క మచ్చ కనిపిస్తే కాగితం మీద సంతకం పెట్టను. ఖలాస్" అని ఓబులేసు వైపు వేలు చూపించి వెళ్ళిపోయాడు.

నా వెటకారం లేకపోతే ఆ నాలుగు కాయలూ నాలుగు తిట్లతో పోయేవి. నేను ఆయన్ని వెర్రివాణ్ణి చేశాను, ఆయన కోపం ఓబులేసు మీద పడింది. పని చోట వెటకారం చెయ్యొద్దని నేను చెప్పను. చెప్పినా మీరు వినరు. దెబ్బ ఎవరి వీపు మీద పడుతుందో చూసుకుని చెయ్యండి.

గురువారం మాచ్‌బూస్

మే నెలలో జహ్రాలో ఒక వీధికి పైపొర వేశాం. ఆ వీధిలో అబూ ఫహద్ అనే పెద్దమనిషి ఇల్లుంది. గురువారం సాయంత్రం వాళ్ళబ్బాయి పెళ్ళి విందు. పక్కనున్న ఖాళీ స్థలంలో గుడారం వేశారు. అది చాలక, మిగతా అతిథులకి రోడ్డు మీద కుర్చీలు వేస్తామన్నారు. నబీల్ అలాగే అన్నాడు. అనడా మరి, అబూ ఫహద్ కారు లారీ అంత ఉంటుంది.

గురువారం పొద్దున్న తారు వేశాం. ఓబులేసు రోలరు నడిపాడు. ప్రాణం పెట్టి నడిపాడనే చెప్పాలి. ఒక్క గీత లేదు, ఒక్క మచ్చ లేదు. మధ్యాహ్నానికి రోడ్డు నల్లటి పట్టుచీరలా ఉంది.

మధ్యాహ్నపు జొహర్ నమాజు అయ్యాక ఇంట్లోంచి మాకు పెద్ద పళ్ళెం నిండా మాచ్‌బూస్ పంపారు. సుగంధాలు వేసి వండిన అన్నం, మీద సగం గొర్రె. గోడనీడలో చుట్టూ కూర్చున్నాం. గొర్రెమాంసం చూసి ఓబులేసు, "ఈటిని నేను తినలేనన్నా, పేర్లు పెట్టి పిలిచిన నోరిది" అని అన్నం మాత్రం తిన్నాడు. అతని వాటా కూడా నేనే తిన్నాను.

అప్పుడు నబీల్, అబూ ఫహద్ కలిసి వచ్చారు. "సూరీ, రెడీయేనా?"

కుర్చీ పికప్‌లో ఉంది. పికప్ యాభై అడుగుల దూరంలో ఎండలో ఉంది. నా కుడిచెయ్యి అన్నంలో ఉంది. నోట్లో ఎముక ఉంది. ఎముక తియ్యకుండానే, "రెడీ సార్, ఖలాస్" అన్నాను.

నా ఉద్యోగం మొత్తంలో అతి పెద్ద తప్పు అదే. చెయ్యడానికి రెండు సెకన్లు పట్టింది.

సాయంకాలపు అసర్ నమాజు అయ్యాక అతిథులు రావడం మొదలైంది. రోడ్డు మీద వరసలుగా కుర్చీలు వేశారు. మా కుర్చీలాంటివే, సన్నటి ఇనుపకాళ్ళు. అబూ ఫహద్ నన్ను కూడా పిలిచి, రోడ్డంచున చివరి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాను. చేతిలో చిన్న కప్పులో గహ్వా, అంటే అరబ్బుల కాఫీ. కడుపు నిండుగా ఉంది. కళ్ళు మూతలు పడ్డాయి.

మా ఊళ్ళో రేవు దాటే పడవ ఒక పక్కకి ఒరిగినట్టు అనిపించింది. కల అనుకున్నాను. కళ్ళు తెరిచేసరికి నా కాళ్ళు ఆకాశంలో ఉన్నాయి, వీపు తారు మీద ఉంది, గహ్వా చొక్కా మీద ఉంది. ఆ పడుకున్న చోటు నుంచే తల తిప్పి చూశాను. జహ్రాలోని పెద్దమనుషులందరూ పొడుగు అంగీల్లాంటి తెల్లటి దిష్‌దాషాల్లో, టీ తాగుతూ, ఎంతో గంభీరంగా కొద్దికొద్దిగా వెనక్కి వాలుతున్నారు. వరస వరసంతా. అందరూ కలిసి నెలవంక కోసం వెతుకుతున్నట్టున్నారు. మర్యాద కొద్దీ ఎవరూ పక్కవాడితో ఏమీ అనడంలేదు.

నాకు నవ్వాగలేదు. పడుకునే నవ్వాను. ఆ తర్వాత పెళ్ళికొడుకు మేనమామ లేచాడు. ఆయన లేచాడు గానీ చెప్పులు లేవలేదు. దాంతో అందరూ ఒక్కసారి లేచి గుడారంలోకి పరిగెత్తారు. రోడ్డు మీద కుర్చీలు మాత్రం మిగిలాయి, ఏటవాలుగా నాటుకుపోయి.

నబీల్ ముఖం పాలిపోయింది. అబూ ఫహద్‌తో ఏదో చెప్పి, తిన్నగా రోలరు పక్కన నిలబడ్డ ఓబులేసు దగ్గరికి వెళ్ళాడు. "నువ్వు సరిగ్గా తొక్కలేదు. శనివారం నీ కాగితం వెనక్కి పంపిస్తున్నాను."

"శానాసార్లు తొక్కినా సార్" అన్నాడు ఓబులేసు, వచ్చీరాని అరబ్బీలో. చెప్పి నా వంక చూశాడు.

నాకు నవ్వు ఆగిపోయింది. నేను నా చొక్కాకి అంటిన తారు వంక చూసుకున్నాను. ఆ షువైఖ్ లారీ నంబరు ప్లేటు వంక చూసినట్టే చూశాను. ఏమీ అనలేదు. ఫోర్‌మన్ పోస్టు పోతుందని భయం వేసింది, అంతే. ఇంకో కారణం వెతికినా దొరకదు.

శుక్రవారం

సెలవు రోజు. గదిలో ఓబులేసు పరుపు చుడుతున్నాడు.

"ఏం చేస్తున్నావురా?" అన్నాను.

"సర్దుకుంటాండా అన్నా. రేపు పిల్చినాక సర్దుకుంటే ఆలస్యమైతాది." తాడు ముడి వేశాడు. "గొర్రెలు నన్ను గుర్తుపడ్తాయంటావా?"

"ఆయ్, ఊరుకోరా. నువ్వెక్కడికీ వెళ్ళవు."

"ఎట్ల చెప్తావన్నా?" అన్నాడు, కోపంలేకుండా. "నిన్న చెప్పల్యా గదా."

అప్పుడు కూడా నేను తప్పు నాదేనని అనలేకపోయాను. ఆ రోజు అన్నం వండుకున్నాను గానీ తినలేకపోయాను. నా మీద నాకు అసహ్యం వేసింది. మా ఉస్తాద్ చూస్తే మళ్ళీ పార ఇచ్చేవాడని అనిపించింది. పార ఇస్తే బాగుణ్ణని కూడా అనిపించింది.

శనివారం టీ

శనివారం అదే వీధిలో మిగిలిన ముక్క వేశాం. నబీల్ ఓబులేసుని పక్కన నిలబెట్టి, కంపెనీలో అందరికంటే పాత డ్రైవర్ని రోలరు ఎక్కించాడు. ఎన్నిసార్లు తొక్కాడో స్వయంగా వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "రోడ్డు తొక్కడమంటే ఇది" అన్నాడు ఓబులేసు వినేలా.

జొహర్ నమాజు అయ్యేదాకా ఆగాను. గురువారం నేను ఎముకతో జవాబిచ్చిన టైము అదే. పికప్‌లోంచి కుర్చీ తెచ్చి కొత్త తారు మధ్యలో వేశాను. ఫ్లాస్కు తెచ్చాను.

"సార్, ఒక్క టీ" అన్నాను.

నబీల్‌కి ఆ రోజు రోడ్డు నచ్చింది కాబట్టి సరదాగానే ఉన్నాడు. "నీ టెస్టా ఇది? సరే" అని నవ్వి కూర్చున్నాడు. థర్మామీటరు ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను గొడుగు పట్టుకుని నిలబడి, మీ ఊళ్ళో చలికాలం ఎలా ఉంటుంది సార్ అని అడిగాను. కువైట్లో మే నెలలో కొండలవాణ్ణి ఆ ప్రశ్న అడిగితే ఇక ఆగడు. మంచు గురించి చెప్పాడు. ఆపిల్ తోటల గురించి చెప్పాడు. వాళ్ళమ్మ పెట్టే ఆలివ్ ఊరగాయ గురించి చెప్పాడు. చెబుతూ చెబుతూ, నెలవంక వైపు ప్రయాణం మొదలుపెట్టాడు.

ఇస్తికానాలో ఇంకా రెండు గుక్కలుండగా కుర్చీ వెనక కాళ్ళు రెండూ దిగిపోయాయి. నేను ఇస్తికానాని పట్టుకున్నాను. రెండో చేతిలో గొడుగు ఉంది కాబట్టి ఆయన్ని పట్టుకోవడం కుదరలేదు.

ఆయన పడ్డచోటే పడుకుని నా వంక చూశాడు. అప్పుడు చెప్పాను. రెండు రోజులు గొంతులో ఉన్నది కాబట్టి తడుముకోకుండానే వచ్చింది.

"ఈ ముక్క తొక్కింది ఓబులేసు కాదు సార్. ఎన్నిసార్లు తొక్కారో మీరే లెక్కపెట్టారు. అయినా దిగింది. గురువారం కూడా ఇదే టైము, ఇదే ఎండ. తప్పు రోలరుది కాదు. మీరు రెడీయా అని అడిగితే నేను కుర్చీ వేసి చూడకుండా రెడీ అన్నాను. అన్నం తింటున్నాను, లేవడానికి బద్ధకించాను. మీరు ఇతన్ని తిట్టినప్పుడు కూడా చెప్పలేదు, భయపడ్డాను."

నబీల్ లేచాడు. ప్యాంటుకి అంటిన తారు చూసుకున్నాడు.

"విందు రోజున కుదరదని అబూ ఫహద్‌కి నేను చెప్పాల్సింది" అన్నాడు, తనలో తను అనుకున్నట్టు. ఆ ఒక్క మాటకి ఆయన మీద నాకున్న వెటకారమంతా పోయింది. తన తప్పు తన నోటితో చెప్పిన ఇంజనీర్లని నేను ఇద్దర్నే చూశాను. ఆయన మొదటివాడు.

జేబులోంచి కాగితం తీసి, పికప్ బానెట్ మీద పెట్టి, ఓబులేసు పేరు కింద సంతకం పెట్టాడు. బానెట్ కాలుతోందేమో, గబగబా పెట్టాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఈ ఎండాకాలం నువ్వు ఫోర్‌మన్‌వి కాదు. రేకు పట్టుకో" అన్నాడు. రేకు అంటే పేవర్ వెనక నడుస్తూ వేడి తారుని సర్దే ఇనుప పళ్ళ కర్ర. కంపెనీలో అందరికంటే కింది పని.

"అలాగే సార్" అన్నాను. చాలా హాయిగా అనిపించింది.

రబ్బరు చక్రాలు

ఓబులేసు సంబరపడతాడనుకున్నాను. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నబీల్ దగ్గరికి వెళ్ళి, నన్ను తర్జుమా చెయ్యమన్నాడు.

"ఆ గురువారం గుంతలు నేను మూస్తానని చెప్పన్నా. రబ్బరు చక్రాల బండి ఇప్పియ్‌మను. ఇప్పుడే, ఎండ మీదున్నప్పుడే."

అతను చెప్పింది నిజం. రెండు రోజుల పచ్చి తారు మిట్టమధ్యాహ్నం మళ్ళీ మెత్తబడుతుంది. ఇనుప చక్రం దాన్ని అణుస్తుందంతే. రబ్బరు చక్రాలు పిండి పిసికినట్టు పిసుకుతాయి, చిన్న గుంటలు పూడిపోతాయి. పచ్చిగా ఉండడం వల్ల చెడింది, పచ్చిగా ఉండడం వల్లే బాగుపడుతుంది. ఏడాది గడిస్తే రెండూ జరగవు. ఈ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. మూడు నెలల్లో కళ్ళతో చూసి పట్టుకున్నాడు.

ఎండ దిగేదాకా ఆ వీధిలో ముందుకీ వెనక్కీ తిరిగాడు. కుర్చీల గుంటలన్నీ మూసుకుపోయాయి. అబూ ఫహద్ బయటికొచ్చి చూసి, టీ పంపించాడు.

సాయంత్రం నేను రేకు భుజాన వేసుకుని వీధంతా నడిచి చూశాను. రోడ్డంచున, గట్టుకి దగ్గరగా, నాలుగు గుంటలు మిగిలి ఉన్నాయి. వెనక రెండూ లోతు, ముందు రెండూ కొంచెం.

"ఒరే, ఇవి మర్చిపోయావు" అన్నాను.

"మర్సిపోల్యా అన్నా. అవి విందులో నువ్వు కూచున్న కుర్చీవి."

"మూసెయ్యవేంట్రా మరి?"

"ఎండ పాయె గదా, ఇంగ మూసుకోవు." రోలరు దిగి, చేతులు తుడుచుకున్నాడు. "గురువారం సాయంత్రం కాడ్నుంచి శనివారం మధ్యాన్నం దాంకా నువ్వు నోరు తెరవల్యా. అంతసేపూ నేను గొర్రెలకాడనే ఉండా. ఆ మాత్రం గుర్తుండాల గదన్నా."

మర్నాడు మధ్యాహ్నం మూసి ఉండొచ్చు. మూయలేదు. నేనూ అడగలేదు.

ఆ ఎండాకాలం రేకు పట్టాను. చలికాలానికి ఫోర్‌మన్ పోస్టు తిరిగొచ్చింది. ఆ వీధి మీదుగా ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. చూస్తుండగానే నలుపు తగ్గింది, బూడిదరంగు వచ్చింది, రోడ్డు రాయిలా బిగిసింది. దానితోపాటే ఆ నాలుగు గుంటలూ బిగిశాయి. చలికాలపు వానలకి వాటిల్లో నీళ్ళు నిలిస్తే పిచికలు వచ్చి తాగేవి.

ఎనభైల చివర్లో నేను కువైట్ వదిలి వచ్చేసేటప్పటికి ఓబులేసే ఫోర్‌మన్. కుర్చీ అతనికే ఇచ్చాను. వచ్చేసేముందు రోజు అతను నన్ను పికప్ ఎక్కించుకుని, ఎక్కడికో చెప్పకుండా జహ్రాలో ఆ వీధికి తీసుకెళ్ళాడు. కుర్చీ దింపాడు. నాలుగు కాళ్ళనీ ఆ నాలుగు గుంటల్లో సరిగ్గా దింపాడు. కదపబోతే కదల్లేదు.

"కూచో అన్నా" అన్నాడు. కూర్చున్నాను. కొంచెం వెనక్కి వాలి ఉంది. ఇస్తికానాలో టీ పోసిచ్చాడు.

"ఇప్పుడు చెప్పన్నా. రెడీయేనా?"

టీ చివరి బొట్టుదాకా తాగాను. లేచాను. వంగి, నాలుగు కాళ్ళ కిందా చూశాను. అప్పుడు చెప్పాను.

"రెడీ."